నాలుగు చుక్కల ఉప్పునీళ్ళు

ఈ మధ్య మద్దిలపాలెం జంక్షన్లో బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒక అమ్మాయి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఏదో ఆస్పత్రిలో చేరబోతోందట, ఫోనులో ఎవరికో చెబుతోంది: "ఏటుంటాదే, మెషీన్లో పెట్టి బటన్ నొక్కడమే." ఆ మాటకి నాకు కోపం రాలేదు. నేను చేరినప్పుడు ఇన్ని మెషీన్లు లేవు గానీ, పని గురించి నేనూ అలాగే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేశాను. ఆస్పత్రి పేరు రాయను. పేరు రాస్తే చదివేవాళ్ళ చూపు అటు పోతుంది, ఇందులో తప్పు నాది. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్ని అయ్యాను అన్నవి కూడా రాయను. అవి నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఆ అమ్మాయిలా ల్యాబుల్లో కొత్తగా చేరే మీకు పనికొచ్చేవి రెండు మూడు సంగతులే ఉన్నాయి నా దగ్గర. అందులో ఒకటి ఇప్పటికీ నన్ను వదలలేదు.

కిటికీ

మా ల్యాబు ఆస్పత్రి వెనక వైపు ఉండేది. వరండా చివర ఒక గది, దానికి చెయ్యి పట్టేంత కిటికీ. రోగులు అందులోంచి చీటీ ఇస్తారు, చెయ్యి చాపుతారు, మర్నాడు కాగితం తీసుకుంటారు. వాళ్ళ ముఖాలు నాకు తెలిసేవి కావు, చేతులు తెలిసేవి. సముద్రం చేతులకి తాడు ఒరుసుకున్న కాయలుంటాయి. ఉక్కు కార్ఖానా చేతుల మీద నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న మచ్చలుంటాయి. ఆఫీసు చేతులు సూది చూడగానే వెనక్కి పోతాయి.

డాక్టరుకి రోగులు దణ్ణం పెడతారు. నర్సుని కనీసం "సిస్టర్" అని పిలుస్తారు. ల్యాబులో మనిషికి పేరుండదు. నన్ను "రగతం అమ్మ" అనేవారు. అందులో చిన్నచూపేమీ లేదు, నేను ఎవరో తెలియకపోవడమే ఉంది. ఎవరి రక్తంలో ఏముందో వాళ్ళకన్నా ముందు నాకు తెలిసేది. తెలిసినా ఎవరికీ చెప్పకూడదు, చెప్పేది డాక్టరు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నలభై, యాభై మంది రహస్యాలు చేతిలో పట్టుకుని, ఒక్కరితోనూ మాట్లాడకుండా టిఫిన్ డబ్బా తెరుచుకునే ఉద్యోగం ఇది. ఇది మీకు కోర్సులో చెప్పరు, అందుకే ముందు చెబుతున్నాను.

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు, సంబంధాలు కుదరలేదు, తర్వాత వెతికేవాళ్ళు లేకపోయారు. విజయనగరం దాటాక ఒక పల్లె మాది, వ్యవసాయం కుటుంబం. అమ్మానాన్నలు పోయాక ఆ ఊరితో పని లేకపోయింది. డిపోలో బస్సులు స్టార్టయ్యే చప్పుడు వినిపించే రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒంటరిగా ఉండడం అలవాటైపోయిందని అందరికీ చెబుతాను. నిజానికి అలవాటు కాలేదు.

తాడు పట్టుకునే ప్రొటీను

నా సర్వీసులో వేల పరీక్షలు చేశాను. వాటిలో నాకు ఇష్టమైనదీ, నన్ను దెబ్బకొట్టిందీ ఒకటే. దాన్ని డాక్టర్లు సీఆర్పీ అంటారు. సి-రియాక్టివ్ ప్రొటీన్. మీరు దాని గురించి చదివే ఉంటారు గానీ, నేను అర్థం చేసుకున్న పద్ధతిలో చెబుతాను.

ఇది కాలేయంలో తయారయ్యే ప్రొటీను. ఒంట్లో అంతా సవ్యంగా ఉన్నంతకాలం రక్తంలో ఉందా లేదా అన్నట్టుంటుంది. ఎక్కడో ఒక చోట దెబ్బ తగులుతుంది, లేదా సూక్ష్మక్రిమి దూరుతుంది. అక్కడి కణాలు రక్తం ద్వారా కాలేయానికి కబురు పెడతాయి. కొద్ది గంటల్లోనే కాలేయం దీన్ని వందల రెట్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఐదు ముక్కలు గుండ్రంగా చేతులు పట్టుకున్నట్టుంటుంది దీని ఆకారం. అది వెళ్ళి క్రిమి ఒంటికో, చితికిపోయిన మన కణానికో అతుక్కుంటుంది. అతుక్కుని, ఇదిగో ఇక్కడుంది, దీన్ని తీసెయ్యండి అని గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసి రక్తంలోని మిగతా ప్రొటీన్లు పోగవుతాయి, క్రిముల్ని మింగే కణాలు వచ్చి పని పూర్తిచేస్తాయి. వాపు, ఎరుపు, వేడి, నొప్పి అని మనం అనేదంతా ఆ హడావుడే.

ఒంటికి రెండు రకాల కాపలా ఉంది. ఒకటి నేర్చుకునేది. శత్రువుని ఒకసారి చూసి, గుర్తుపెట్టుకుని, ఒక్కో శత్రువుకీ వేరే ఆయుధం తయారుచేసుకుంటుంది. దానికి రోజులు పడతాయి. రెండోది పుట్టుకతో వచ్చేది. దానికి పరిచయాలు అక్కర్లేదు. జాలరిపేట ఇసకలో పడవ ఒడ్డుకొస్తుంటే చూడండి, అక్కడున్నవాళ్ళు అది ఎవరి పడవ అని అడగరు, ముందు తాడు పట్టుకుంటారు. సీఆర్పీ ఆ తాడు పట్టుకునేవాళ్ళ జట్టులోది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఒంట్లో ఏదో జరుగుతోందని మాత్రమే ఇది చెబుతుంది. ఎక్కడో చెప్పదు, ఎందుకో చెప్పదు. దాని చేత అంతకు మించి చెప్పించబోయే డాక్టర్లని చాలామందిని చూశాను, వాళ్ళని నమ్మకండి.

క్రేను నడిపే మనిషి

ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపే ఒకాయన నెలకోసారి మా కిటికీ దగ్గరికి వచ్చేవాడు. వేళ్ళ కణుపులు నొప్పులట, పొద్దున్న లేవగానే పిడికిలి పట్టదట. పైకి వాపు పెద్దగా లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. పనికి ఎగనామం పెడుతున్నాడని పైవాళ్ళు అనేవారు. ఇంట్లోవాళ్ళు కూడా అదే అనేవారని తర్వాత తెలిసింది. ఒక కొత్త డాక్టరు సీఆర్పీ రాసి పంపాడు. చేస్తే బాగా ఎక్కువ వచ్చింది. నెల తర్వాత మళ్ళీ చేస్తే మళ్ళీ ఎక్కువే.

రెండోసారి కాగితం తీసుకుంటూ ఆయన కిటికీలోకి వంగి అడిగాడు. "అమ్మా, ఏటైనా ఒచ్చిందా?"

"వచ్చింది. డాక్టరు గారికి చూపించండి," అన్నాను.

"ఒచ్చిందా," అని ఆ కాగితం పట్టుకుని వరండా బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఫోను తీసి, "ఒరే బావా, నాను నాటకాలాడతన్నానన్నావు కదా, రగతంలో ఒచ్చిందిరా," అని ఎవరికో చెప్పాడు. జబ్బు ఉందని తేలితే అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కీళ్ళవాతం అని తేల్చి మందులు మొదలుపెట్టారు.

అప్పుడు నాకు తెలిసింది, మనం ఇచ్చే కాగితం కొందరికి సాక్ష్యం. ఆ మనిషి మాట ఎవరూ నమ్మనప్పుడు మన కాగితం నమ్ముతారు. మన కాగితం అబద్ధం చెబితే ఏమవుతుందో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

రామ్మూర్తి గారు

మా ల్యాబు పెద్ద రామ్మూర్తి గారు. పెథాలజీ డాక్టరు, పొదుపరి, మంచి చెయ్యి. మైక్రోస్కోపు కింద ఆయన చూసింది తప్పయిన రోజు నాకు గుర్తులేదు. ఆయన నాకు రెండు నియమాలు నేర్పాడు. ఒకటి, కిటికీ దగ్గర కాగితం ఇవ్వాలి, మాట ఇవ్వకూడదు. రెండోది, పరీక్ష మందులుండే కిట్టు దండగ చెయ్యకూడదు.

ఆ రోజుల్లో సీఆర్పీని నల్లని స్లైడు మీద చేసేవాళ్ళం, చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ అలాగే చేస్తారు. ఒక చుక్క సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే తేట. పక్కనే ఒక చుక్క పాలలాంటి లేటెక్స్. అందులో కంటికి కనబడనంత చిన్న పూసలుంటాయి, సీఆర్పీని పట్టుకునే కొక్కేలు వాటి మీద అతికించి ఉంటాయి. పుల్లతో రెండూ కలిపి, స్లైడుని రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. సీరంలో సీఆర్పీ ఉంటే, అది ఈ పూసనీ ఆ పూసనీ పట్టుకుని ముడివేస్తుంది. పాలు విరిగినట్టు పలుకులు కనిపిస్తాయి. లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి.

ఇందులో ఒక మోసం ఉంది. సీఆర్పీ మరీ విపరీతంగా ఉంటే, ప్రతి పూసకీ తన కొక్కేలన్నీ నిండిపోతాయి. పక్క పూసతో పంచుకోవడానికి ఏమీ మిగలదు. ముడిపడవు, పలుకులు రావు, పాలు పాలలాగే ఉంటాయి. ఒళ్ళంతా కాలిపోతున్న మనిషి సీరం, ఏ జబ్బూ లేని మనిషి సీరంలాగే కనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు సీరంలో సెలైన్, అంటే ఉప్పునీళ్ళు, నాలుగు చుక్కలు కలిపి పలచన చేసి మళ్ళీ చూడాలి. కిట్టులో పెట్టే కాగితం మీద ఇది చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పరీక్షలో అడిగితే నేను తప్పులేకుండా రాసేదాన్ని.

పలచన చేసి మళ్ళీ చూడాలంటే ఇంకో చుక్క లేటెక్స్ కావాలి, ఇంకో రెండు నిమిషాలు కావాలి. రద్దీ రోజుల్లో ఒకే స్లైడు మీద ఆరుగురి సీరం పెట్టి ఊపేసేవాళ్ళం. పలుకులు వస్తేనే ఎంత ఎక్కువో తేల్చడానికి పలచన చేసేవాళ్ళం. రాకపోతే 'నెగటివ్' అని రాసి, స్లైడు కడిగేసేవాళ్ళం. ఇది రామ్మూర్తి గారు పెట్టిన అలవాటని చాలాకాలం అనుకున్నాను. ఆయన దండగ చెయ్యొద్దన్నాడు గానీ, అవసరమైనది మానెయ్యమని ఎప్పుడూ అనలేదు. మానేసింది నేనే.

జెల్ల ముల్లు

ఒక సోమవారం పొద్దున్న క్యాజువాలిటీ నుంచి ఒక చీటీ వచ్చింది. పేరు ఎర్రన్న, ఊరు జాలరిపేట. పరీక్షల కింద డాక్టరు ఒక వాక్యం రాశాడు: జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది, కుడి చెయ్యి వాపు, జ్వరం. ఆ వాక్యం చీటీ మీద ఉందని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు నేను పరీక్షల పేర్లు మాత్రమే చదివాను.

స్లైడు మీద ఆయనది నాలుగో గుండ్రం. ఊపాను. పలుకులు రాలేదు. ఒక అంచున సన్నటి ఇసకలాగా ఏదో ఉందా అనిపించింది, దీపం కింద వంచి చూశాను. అవతల కిటికీ దగ్గర జనం గొడవ చేస్తున్నారు. నెగటివ్ అని రాశాను.

మధ్యాహ్నం కాగితం కోసం ఆయన భార్య వచ్చింది. చేతులు చూస్తే చేపలు అమ్మే మనిషని తెలిసింది, వేళ్ళ మధ్య పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి. కాగితం అటూ ఇటూ తిప్పింది, చదువు రాదు.

"రగతంలో ఏటీ నేదా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా, బాగానే ఉంది."

"ఒల్లు కాలిపోతందమ్మా. సెయ్యి ముట్టుకోనివ్వట్నేదు. మరోపాలి సూత్తారా?"

కాగితం ఇవ్వాలి, మాట ఇవ్వకూడదు అన్న నియమాన్ని ఆ రోజు నేను తప్పాను. "కంగారుపడకు. రక్తంలో చెడు ఉంటే ఇందులో తెలిసిపోతుంది," అన్నాను. ఆమె ముఖం తేలికపడింది. అది నేను చూశాను. కిటికీలోంచి నాకు ముఖాలు కనిపించవని పైన రాశాను కదా, ఆ ముఖం కనిపించింది.

క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు కాగితం చూసి, మాత్రలు రాసి ఇంటికి పంపేశాడు. కళ్ళెదుట వాచిన చెయ్యి పెట్టుకుని కాగితాన్ని నమ్మడం ఆయన తప్పు. ఆయన తప్పు ఆయన రాసుకోవాలి. ఇది నా కాగితం.

గురువారం ఎర్రన్నని మళ్ళీ తీసుకొచ్చారు. స్పృహ సరిగ్గా లేదు. చెయ్యి మోచేతి దాకా నల్లబడిందని, ప్రాణం నిలవాలంటే తీసెయ్యాలని వార్డు వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఆపరేషన్‌కి ముందు రక్తం పంపారు. చీటీ మీద పేరు చూడగానే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను.

పాత సీరం వారం పాటు ఫ్రిజ్‌లో ఉంచేవాళ్ళం. సోమవారం సీసా తీశాను. ఒక చుక్క సీరానికి నాలుగు చుక్కల ఉప్పునీళ్ళు కలిపాను. స్లైడు మీద పెట్టి ఇలా ఊపానో లేదో పాలు విరిగిపోయాయి. ఇంకా పలచన చేశాను, విరిగాయి. అరవై నాలుగు వంతులు పలచన చేసినా పలుకులు కనిపిస్తూనే ఉన్నాయి. సోమవారం నాడే ఆయన రక్తం అంత గట్టిగా చెప్పింది, నాకు వినపడలేదు.

రామ్మూర్తి గారి గదిలోకి ఆ స్లైడు పట్టుకునే వెళ్ళాను. ఆయన దాన్ని దీపం కింద పెట్టి చూశాడు. "ఇప్పుడు చెప్తే ఆ చెయ్యి తిరిగొస్తుందా పార్వతమ్మా?" అన్నాడు.

"రాదండీ."

"మరింక వదిలెయ్యి." స్లైడు తీసుకుని ఆయనే స్వయంగా కడిగాడు. మర్నాడు పొద్దున్న గోడ మీద ఆయన చేతిరాతతో ఒక కాగితం ఉంది: జ్వరం, గాయం అని చీటీలో ఉన్న ప్రతి సీరాన్నీ పలచన చేసి కూడా చూడాలి. కిట్లు ఎక్కువ తెప్పించాడు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఆయన మంచివాడా చెడ్డవాడా అని మీరడిగితే నేను చెప్పలేను. ఆ కాగితం వల్ల ఎందరి చేతులు నిలిచాయో తెలియదు. ఎర్రన్నకి మాత్రం ఎవరమూ ఏమీ చెప్పలేదు.

ఆదివారాలు

ఎర్రన్న బతికాడు. కుడి చెయ్యి మోచేతి కింద నుంచి లేదు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం చేపలకని జాలరిపేట ఒడ్డుకి వెళ్ళాను. వరసగా కూర్చున్న ఆడవాళ్ళలోంచి ఒకామె పిలిచింది. "రగతం అమ్మా, ఇలగ రా." ఆమే, ఎర్రన్న భార్య. పేరు నూకాలమ్మ అని అప్పుడే తెలిసింది. అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది, అయినా వెళ్ళి ఆమె బుట్ట ముందు నిలబడ్డాను.

"మీ ఆస్పత్రోలు మా ఆయన్ని బతికించినారు. సెయ్యి పోతే పోనాది, మనిసి దక్కినాడు," అంది. నేను అడక్కుండానే వంజరం ముక్కలు కోసి, పైన గుప్పెడు చిన్న చేపలు, నెత్తళ్ళు, వేసి ఇచ్చింది. వెనకాల పడవ నీడలో ఎర్రన్న కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి, ఎడం చేత్తో ముడి వెయ్యడం నేర్చుకుంటున్నాడు. ముడి జారిపోతుంటే మళ్ళీ మొదలుపెడుతున్నాడు. వేటకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.

ఆ రోజే చెప్పవలసింది. చెప్పలేదు. మరుసటి ఆదివారం చెబుదామని వెళ్ళాను, ఆ రోజూ చెప్పలేదు. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో. ఆమె నన్ను ముందు అమ్మా అనేది, తర్వాత అప్పా అనడం మొదలుపెట్టింది. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. నన్ను అలా పిలిచేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. ల్యాబులో 'నేను' అనే దాన్ని, ఆమె దగ్గర కూర్చుంటే నా చిన్నప్పటి 'నాను' నోటికి వచ్చేసేది. చందువ చేప ఎలా ఏరుకోవాలో, ఏ కాలంలో ఏది తినకూడదో ఆమే నేర్పింది. నాకు ఒంట్లో బాగాలేదంటే, "ఒక్కదానివీ ఏటి సేసుకుంటావు," అని ఎండుచేపల పులుసు గిన్నెలో పోసి తెచ్చిన రోజుంది.

నిజం ఒప్పుకుంటాను. మొదట ఉద్యోగం పోతుందన్న భయంతో చెప్పలేదు. తర్వాత ఉద్యోగం సంగతి మర్చిపోయాను. చెబితే నూకాలమ్మ పోతుంది, వారం మొత్తంలో నాతో మాట్లాడే ఒక్క మనిషి పోతుంది. ఆ భయంతో చెప్పలేదు.

చెప్పిన రోజు

రిటైరైన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం వెళ్ళాను. ఉద్యోగం అన్న సాకు కూడా లేకుండా పోయింది కాబట్టి ఇక చెప్పాలనుకున్నాను. అది ధైర్యం కాదు, మీరు అలా అనుకోవద్దు.

ఆమె కత్తిపీట ముందు కూర్చుని నా కోసం చేప కోస్తోంది. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. స్లైడు, పాలు, పలుకులు, ఎక్కువైతే కనబడకపోవడం, ఫ్రిజ్‌లో సీసా. నేను చెప్పే మాటలు సగం ఆమెకి కొత్త. అయినా ఆపకుండా వింది. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"నీల్లు కలిపి సూత్తే అగుపడేదా?" అంది.

"అగుపడేది."

"ఎన్ని నీల్లు?"

"నాలుగు చుక్కలు."

"మంచినీల్లా?"

"ఉప్పునీళ్ళు."

ఆమె తలెత్తి ఎదురుగా సముద్రాన్ని చూసింది. ఎర్రన్న పడవ అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఇటు వినబడదు.

"మరోపాలి సూడమని నాను అడిగినాను," అంది.

"అడిగావు."

"మరిన్నాల్లూ నా సేతి సేపలెలాగ తిన్నావు?"

ఆమె మిగిలిన ముక్కలు కోసింది, కడిగింది, కవర్లో వేసి నా ముందు పెట్టింది. "ఎల్లండి మేడమ్," అంది. అరిచి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి ఆ చేపలు వండలేకపోయాను. వీధిలో పిల్లులకి వేశాను.

ఎర్రన్నకి ఆమె చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు ఆమె ముక్కలు కోస్తుండగా, నేనే వెళ్ళి ఆయనకి చెబుతానంటే, "నీ బరువు దించుకోడానికి ఆయన కాడికి ఎల్లకు," అంది. ఆ మాట సరైనదే అనిపించి ఆగిపోయాను.

తర్వాత కూడా ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మానేస్తే పారిపోయినట్టవుతుంది. ఆమె అమ్ముతుంది, కొత్తవాళ్ళకి తూచినట్టు తూచి, మేడమ్ అని ఇస్తుంది. పైన నెత్తళ్ళు వెయ్యదు. కూర్చోమనదు. రెండేళ్ళు గడిచాయి. రిటైరయ్యాక ల్యాబు నుంచి నాకు ఫోను చేసినవాళ్ళు లేరు. వారంలో ఆరు రోజులు నా గొంతు నాకు వినబడేది కూరల బండి దగ్గరే. ఏడో రోజు మేడమ్ అనిపించుకోడానికి బస్సెక్కుతాను.

మీరు చెయ్యవలసింది

చీటీ మొత్తం చదవండి. పరీక్ష పేరు కాదు, మనిషికి ఏమైందో రాసిన ఆ ఒక్క వాక్యం చదవండి. స్లైడూ వాక్యమూ పొసగకపోతే స్లైడుని అనుమానించండి. మెషీన్లు వచ్చాక ఈ చిక్కు తగ్గింది, పోలేదు. ఏ మెషీన్ ఎక్కడ మోసపోతుందో దాని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చేరిన మొదటి వారంలోనే చదవండి. కిటికీ దగ్గర ఎవరైనా మరోసారి చూడమంటే చూడండి. వాళ్ళకి మన చదువు లేదు, కానీ ఆ ఒంటి పక్కన పడుకునేది వాళ్ళు. తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి. ఒక రోజు దాటితే, చెప్పకపోవడం ఇంకో తప్పవుతుంది. అది మొదటిదానికంటే పెద్దది.

ఇదంతా ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మొన్న ఇంకోటి జరిగింది.

నాకు జ్వరం వచ్చింది. తగ్గడం, మళ్ళీ రావడం. రెండు ఆదివారాలు జాలరిపేట వెళ్ళలేదు. శుక్రవారం మద్దిలపాలెంలో ఒక చిన్న ల్యాబుకి వెళ్ళి రక్తం ఇచ్చాను. శనివారం కాగితం వచ్చింది. సీఆర్పీ నెగటివ్. అక్కడ పనిచేసే అమ్మాయి నల్ల స్లైడు ఊపడం నేను కళ్ళారా చూశాను. పలచన చేశావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎలా అడగను? అడిగే హక్కు నాకెక్కడిదని ఊరుకున్నాను.

ఆదివారం ఓపిక చేసుకుని జాలరిపేట వెళ్ళాను. నూకాలమ్మ నన్ను చూసి తక్కెడ పక్కన పెట్టింది.

"రెండు ఓరాలు అగుపడనేదేటి?"

"జ్వరం."

నా ముఖంలోకి చూసింది. చేపల తడి చెయ్యి చీరకి తుడుచుకుని, మణికట్టు నా మెడ మీద ఆనించి చూసింది. శుక్రవారం సూది గుచ్చడానికి తప్ప రెండేళ్ళలో ఎవరూ నన్ను ముట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఒల్లు కాల్తంది. రగతం సూపించుకున్నావా?"

"చూపించుకున్నాను. ఏమీ లేదన్నారు."

"ఉప్పునీల్లు కలిపి సూడమన్నావా?"

నేను తెచ్చుకున్న సంచీ మడతపెట్టుకున్నాను.

"అడగనేదా?"

"నేదు," అన్నాను.

ఆమె బుట్ట మీద తడిగుడ్డ కప్పేసింది. "ఎల్లి అడుగు. అడిగొచ్చినాకే సేప కోత్తాను," అంది.

అప్పా అనలేదు. మేడమ్ అని కూడా అనలేదు. నేను ఇసకలోంచి రోడ్డు మీదికొచ్చి, బస్సెక్కి మద్దిలపాలెంలో దిగాను. ల్యాబు తెరిచే ఉంది. మీ వయసే ఉండే ఆ అమ్మాయి కిటికీ వెనక ఒక్కతీ కూర్చుని ఉంది. కిటికీకి బయటి వైపు నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి, "మరోసారి చూస్తావా అమ్మా?" అని అడిగాను.